సామాన్ల కాడ మనిషి

పోయిన వారం మనం హనుమాండ్లును అమీర్‌పేటలో వాళ్ళింటి హాల్లో, వేళ్ళు మడుస్తూ తలకాయలు లెక్కపెడుతుండగా వదిలిపెట్టి వచ్చాం. రెండు కుటుంబాలు కలిసి మే నెల రెండో శనివారం హరివిల్లు ఆటల పార్కుకు పోవాలని, ఆ రాత్రి అక్కడే ఉండి ఆదివారం తిరిగి రావాలని తీర్మానమైంది. ఆలోచన హనుమాండ్లు చిన్నకోడలు సంగీతది. ఆడపడుచు సుష్మిత పెళ్ళయి ఆర్నెల్లు కావస్తున్నా, సుష్మిత తల్లి చంద్రమ్మా, అత్తగారు వసుమతీ ఇంతవరకూ ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఎందుకని అడిగితే ఇద్దరూ "ఏమీ లేదు" అంటారు. ఈ ఏమీ లేనిదాని మధ్యన పడి సుష్మిత నలిగిపోతోంది. పార్కులో ఇద్దరినీ ఒక్క పడవలో పక్కపక్కన కూర్చోబెడితే మాట కలవకపోతుందా అని సంగీత ఆశ.

టికెట్ల ఎంపిక వారం రోజులు నడిచింది. పార్కులో మూడు రకాల టికెట్లున్నాయి. ఒకటి లోపలికి పోయి తిరిగి చూడటానికి మాత్రమే. రెండోది అన్ని ఆటలకూ. మూడోది ఎక్స్‌ప్రెస్, అంటే లైన్లో నిలబడే పని లేకుండా. పదిహేను మంది దాటితే గ్రూపు కింద తగ్గింపు ఇస్తారు గానీ, గ్రూపులో అందరూ ఒకే రకం తీసుకోవాలి. దీని మీద రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు. వసుమతి భర్త కామరాజు గారు ఉత్త ప్రవేశం టికెట్ చాలన్నారు. పిల్లలంతా ఏకమై ఆయన్ని ఓడించారు. ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన హనుమాండ్లు ఎక్స్‌ప్రెస్‌ను ఒక్క మాటతో కొట్టిపారేశాడు. "లైన్ల నిలవడనోడు ప్యాసింజరే కాదు." చివరికి అందరికీ అన్ని ఆటల టికెట్ అని ఖాయమైంది.

ఇక మిగిలింది లెక్క. లెక్క హనుమాండ్లు సొత్తు. ఆయన ముందుగా తన గుండె మీద వేలు పెట్టుకుని "ఒకటి" అంటాడు, ఆ తర్వాత వరసగా అందరినీ. పెద్దకొడుకు కుటుంబం, చిన్నకొడుకు మహిపాల్, సంగీత, మనవడు, తన చెల్లెలి ఇంటివాళ్ళు, అటు వియ్యాలవారు ఏడుగురు. "మొత్తం పద్దెనిమిది" అని ప్రకటించాడు. సంగీత ఆ అంకెను కాగితం మీద రాసుకుంది, ట్రావెల్స్ దుకాణంలో ఇచ్చింది, బయానా కట్టింది.

ఈ శనివారం పొద్దున వియ్యాలవారి ఆధార్ జిరాక్సుల కోసం ఆమె పంజాగుట్టకు బయల్దేరింది. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల కౌంటరు చూసే మనిషి కాబట్టి ఫారాలు నింపడం, ఫొటోలు అంటించడం ఆమెకు కొట్టిన పిండి. అందుకే ఇంట్లో ఇలాంటివన్నీ ఆమె నెత్తిమీదే పడతాయి. మెట్రోలో పోతే పక్క స్టేషనే. ఎండ ఇంకా ముదరలేదు. ఫ్లైఓవర్ కింద వాహనాలు మాత్రం అప్పుడే ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.

వసుమతి గారి ఫ్లాటు మూడో అంతస్తులో. తలుపు తీయగానే ఫిల్టర్ కాఫీ వాసన ఎదురొచ్చింది. కామరాజు గారు పేపరు వెనక నుంచి తల వంచి నవ్వి మళ్ళీ పేపర్లోకి పోయారు. వసుమతి సంగీతను నేరుగా వంటింట్లోకి లాక్కుపోయింది.

"సంగీతా, నీకొక మాట చెబుతాను, కడుపులో పెట్టుకోవాలి. మా వారికి స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కళ్ళు తిరుగుతాయి. ఆ ఆటలు చూస్తేనే పడిపోతారు. అసలు రానంటున్నారు."

"మరి అంకుల్ పేరు తీసేద్దాం ఆంటీ. దాంట్లేముంది?"

"అమ్మో! తీసేస్తే మీ వాళ్ళేమనుకుంటారు? మగపెళ్ళివారికి టెక్కు అంటారు. ఇప్పటికే మీ అత్తయ్యగారు నాతో మాట్లాడరు." ఇక్కడ వసుమతి గొంతు తగ్గింది. గ్యాస్ పొయ్యి మీద లేని మరకను గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. "అందులో నా తప్పు కూడా ఉందిలేమ్మా. అదిప్పుడెందుకు. నువ్వు మాత్రం పేరు రాసెయ్. వచ్చి ఎక్కడో నీడలో కూర్చుంటారు."

తప్పేమిటని సంగీత అడగబోయింది. వసుమతి కాఫీ గ్లాసు చేతిలో పెట్టి ఆ ప్రశ్నకు అడ్డం పడింది. సరే, పెద్దవాళ్ళ సంగతులు పెద్దవాళ్ళకే తెలియాలి అనుకుని సంగీత ఏడుగురి జిరాక్సులూ కవర్లో పెట్టుకుని బయటపడింది.

రాఘవేందర్ ట్రావెల్స్ దుకాణం అమీర్‌పేటలో మెట్రో స్టేషన్‌కు ఎదురు గల్లీలో, మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్ల గోడ నిండా కంప్యూటరు కోర్సుల పోస్టర్లు. ఆ మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మంది కోచింగ్ అనుకుని వచ్చి, తిరుపతి బస్సు టికెట్ బుక్ చేసుకుని పోతారని రాఘవేందరే నవ్వుతూ చెబుతుంటాడు. జిరాక్సులు ఒక్కొక్కటే చూసి కంప్యూటర్లో పేర్లు ఎక్కించాడు.

"పద్దెనిమిది. సెట్ అయింది అక్కా. సాయంత్రం ఆరింటికి లిస్టు పార్కోళ్ళకు పోతది. అప్పటిదాక పేర్లు మార్చుకోవచ్చు. ఆ తర్వాత దేవుడొచ్చినా మారదు."

"అన్నా, ఇంకోటి. మా అత్తమ్మ సామాన్ల కాడ కూసుంటది. గేటు లోపల నీడ ఉంటదా? జర కుర్చీ గిట్ల దొరుకుతదా?"

రాఘవేందర్ కీబోర్డు మీద చేతులు ఆపాడు. "ఆమెకు టికెట్ ఉందా?"

"లేదు. ఆమె ఆటలు ఆడదు గద. సామాన్లు చూస్కుంటది."

"అక్కా, గట్ల నడవదు. టికెట్ లేకుంటే మెయిన్ గేటు సుత దాటనియ్యరు. బయట చెట్టు లేదు, చేమ లేదు, పార్కింగే. రాత్రి రూముల సుత గీ లిస్టుల పేరున్నోళ్ళకే. సామాన్ల ఫికర్ ఎందుకు, లాకర్లున్నయి. బయటి తిండి ఎట్లాగు రానియ్యరు."

"అయితే పందొమ్మిది చెయ్యి."

అతను కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. ఆ శనివారం గడి నిండా ఎర్రగా ఉంది. "ఫుల్. పొద్దుగాల నా సొంత బామ్మర్దికే లేదని చెప్పిన. పద్దెనిమిదే ఉన్నయి, పేర్లు మీ ఇష్టం."

సంగీత మెట్లు దిగింది. టికెట్ దొరకలేదనే బాధ ఒకటైతే, దాన్ని మించినది ఇంకొకటి. మామయ్య మర్చిపోయాడు, సరే. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేతి తిండి తింటున్న తను ఎలా మర్చిపోయింది? వియ్యపురాళ్ళిద్దరినీ ఒక్క పడవలో కూర్చోబెట్టాలనుకున్నదీ తనే, ఒకరిని వదిలి ఆ పద్దెనిమిది అంకె రాసిందీ తన చెయ్యే కదా. రాసేటప్పుడు చంద్రమ్మ ఎదురుగా కూర్చుని, పార్కుకు తీసుకుపోయే సకినాల పిండికి నువ్వులు చెరుగుతోంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. మహిపాల్ జిరాక్సు షాపు మూసి అన్నానికి వచ్చి, తినేసి ఫోను చూసుకుంటున్నాడు. హనుమాండ్లు కుర్చీలో, చంద్రమ్మ కింద చాప మీద. ఆమె ముందు కొత్త చింతపండు కుప్ప. పీట మీద గింజలు తీస్తోంది.

సంగీత విషయం చెప్పింది. హనుమాండ్లు క్షణం కూడా ఆలోచించలేదు.

"గంతేనా? అయితే సామాన్లే వద్దు. చేతులూపుకుంట పోదాం. ఆమె ఇంటికాడ ఉంటది. ఆమెకు గివన్ని ఇష్టముండయి తియ్యి."

"రెండు దినాలే గద. అమ్మకు సుత రెస్టు దొరుకుతది" అన్నాడు మహిపాల్, ఫోను మీంచి తలెత్తకుండానే.

ఇలాంటప్పుడు ఆ ఇంట్లో మాట అక్కడితో ఆగిపోతుంది. చంద్రమ్మ తల ఊపుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, ఇంకో సంగతి మొదలవుతుంది. ఈసారి సంగీత ఆగనివ్వలేదు. అత్తగారి పక్కన చాప మీద కూర్చుంది.

"అత్తమ్మా, నిజం చెప్పు. నీకు ఇష్టం లేదా?"

చంద్రమ్మ చేతిలో చింతగింజ అలాగే ఉండిపోయింది. అరవై రెండేళ్ళ మనిషి. ఆ ప్రశ్న ఎవరూ తననింతవరకు అడగలేదని ఆమె ముఖమే చెప్పింది.

"ఇష్టం ఉందో లేదో నన్ను ఎన్నడన్న అడిగిన్రా బిడ్డా?" అంది నెమ్మదిగా. "జూ పార్కుకు నాలుగుసార్లు పోయినం. గేటు కాడ పల్లీలమ్మే ముసలామె పేరు సుత చెప్తా. ఏనుగు ఎట్లుందో మాత్రం అడగకు. సాగర్ డ్యాముకు పోయినం. నీళ్ళ చప్పుడు ఇన్న, నీళ్ళు చూడలే. నుమాయిష్‌ల పెద్ద చక్రం ఎక్కి మీరందరు కేకలు పెడుతున్నరు. మీ అందరి చెప్పులు నా ఒళ్ళె ఉన్నయి. కింద కూసోని, ఏ చెప్పు ఎవరిదో చూసుకుంట ఉన్న."

మహిపాల్ ఫోను పక్కన పెట్టాడు.

"నోరు లేదా? చెప్పొచ్చు గద!" అన్నాడు హనుమాండ్లు. గొంతులో కోపముంది గానీ అది దేని మీదో ఆయనకే తెలిసినట్టు లేదు.

"నువ్వు లెక్కవెట్టేటప్పుడు నేను నీ ముంగటనే ఉన్న గద."

"అరే, కండక్టర్‌కు టికెట్ కొడతరానే? డ్రైవర్‌కు కొడతరా? ఇంటి మనిషివి అని నిన్ను లెక్కల పెట్టలే. అది తప్పా?"

"మరి నిన్ను నువ్వు పెట్టుకుంటవు గద. అందరికంటే ముందుగాల్నే."

హనుమాండ్లు నోరు తెరిచాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళు చెప్పిన ప్రతి సాకుకూ ఆయన దగ్గర జవాబుండేది. దీనికి లేదు.

చంద్రమ్మ లేచింది. దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింది నుంచి ఒక మడత తీసింది. యాభై రూపాయల నోటు. దాన్ని చింతపండు పీట పక్కన పెట్టింది.

"సుష్మిత అత్తతోటి ఎందుకు మాట్లాడవని అందరు అడుగుతరు గద, ఇనున్రి. నిశ్చితార్థం నాడు మీరందరు స్టేజీ కాడ ఉన్నరు. నన్ను సామాన్ల రూముల కూసోవెట్టిన్రు. పట్టుచీర కట్టుకోనీకి సుత పోలే, తాళాలు నాకాడ ఉన్నయి. ఆమె అప్పుడే వైజాగు నుంచి దిగింది. తన బిడ్డ కాన్పని మూడు నెలలు అక్కడే ఉండె, నన్ను ఎన్నడు చూడలే. ఉరుక్కుంట వచ్చి సూట్‌కేసు నా ముంగట పెట్టింది. గీ నోటు చేతిల పెట్టి, 'జాగ్రత్తగా చూడమ్మా' అని పోయింది. పనిమనిషి అనుకుంది."

సంగీతకు పొద్దున వంటింట్లో వసుమతి తుడిచిన లేని మరక గుర్తొచ్చింది. నా తప్పు కూడా ఉందిలేమ్మా.

"తర్వాత స్టేజీ మీద నన్ను చూసి ఆమె మొఖం ఎట్లయిందో నాకు తెలుసు. ఆమె సిగ్గు ఆమెది, నా బాధ నాది. అందుకే మాటల్లేవు" అంది చంద్రమ్మ. కళ్ళు తుడుచుకోలేదు, చింతపండు చేతులు. "కానీ బిడ్డా, ఆలోచిస్తే ఆమె తప్పేముంది? నా ఇంటోళ్ళే నన్ను లెక్కపెట్టకుంటే బయటి మనిషికేం ఎరుక?"

హనుమాండ్లు కుర్చీలోంచి లేచాడు. కొక్కేనికి ఉన్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. వంగి ఆ యాభై నోటు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే "బాపూ, ఏడికి?" అని మహిపాల్ అడిగాడు. జవాబు లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి పోయింది. మహిపాల్ కాసేపు తటపటాయించి తండ్రి వెనకాల దిగాడు గానీ, పది నిమిషాల్లో ఒక్కడే తిరిగొచ్చాడు. బల్కంపేట రోడ్డు మీద జనంలో ఎక్కడా కనిపించలేదట. ఫోను ఇంట్లోనే మోగింది, టీవీ పక్కన.

"ఆయన వస్తడు, ఎండకు తిరిగి తిరిగి ఆయనే వస్తడు" అంది చంద్రమ్మ. మళ్ళీ పీట ముందు కూర్చుంది. కాసేపటికి సంగీత వైపు తిరిగి, రహస్యం చెబుతున్నట్టు అంది. "నాకు గా పెద్ద చక్రం ఎక్కాలని ఉంది."

"భయమైతలేదా అత్తమ్మా?"

"మస్తు అయితది. అందుకే మీ మామ పక్కన కూసోవాలె. ఆయన బస్సుల ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు. ఒక్కసారన్న ఆయన పక్కన కూసోలే. ఆయన నిలవడి టికెట్లు కొడుతుండె, నేను ఎవరో ఆడామె పక్కన కూసుంటుంటి. గీ వయసుల నవ్వుతరేమో గాని, పక్కన కూసోని ఒక్కసారి పైకి పోవాలె."

సంగీతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గడియారం చూసింది. అయిదుంపావు. చున్నీ వేసుకుంది, పర్సు తీసుకుంది. ఏం చేయాలో ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది. పద్దెనిమిదిలో ఒక పేరు తనది. ఆ పేరు తీసేస్తే సరిపోతుంది. పిల్లవాడిని మహిపాల్ చూసుకుంటాడు. తనకేం, ఇంకోసారి పోవచ్చు. ఈ ఇంకోసారి అనే మాట చంద్రమ్మ కూడా ఒకప్పుడు ఇలాగే అనుకుని ఉంటుందని సంగీతకు తట్టలేదు.

శనివారం సాయంత్రం అమీర్‌పేట మామూలు అమీర్‌పేట కాదు. క్లాసులు వదిలిన కుర్రకారు, బట్టల షాపులకొచ్చిన కుటుంబాలు, మిర్చి బజ్జీల బండ్ల చుట్టూ జనం. వాళ్ళందరినీ తోసుకుంటూ సంగీత రాఘవేందర్ మెట్లెక్కేసరికి అయిదూ ముప్పావు కావస్తోంది.

"అన్నా, ఒక పేరు మార్చాలె. నా పేరు తీసి మా అత్తమ్మ పేరు..."

"అరే, మళ్ళా మారుస్తరా?" అన్నాడు రాఘవేందర్. "మీ మామయ్య అయిదింటికే వచ్చి మార్పిచ్చిండు గద అక్కా. మీకు చెప్పలేదా?"

సంగీతకు ఊపిరి తిరిగొచ్చింది. టికెట్ ఇంకొకటి ఎక్కడో దొరికిందన్నమాట. "పందొమ్మిది అయిందా?"

"యాడికెళ్ళి అయితది? పద్దెనిమిదే." అతను లిస్టు ప్రింటు తీసి ఇచ్చాడు. మొట్టమొదటి పేరు చంద్రమ్మ. వయసు అరవై రెండు. అన్ని ఆటలు. సంగీత వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి దిగింది. పద్దెనిమిది దగ్గర ఆగి, మళ్ళీ పైకి పోయి, మళ్ళీ కిందికొచ్చింది. హనుమాండ్లు పేరు లేదు.

"ఆయన పేరు ఆయనే తీపిచ్చిండు" అన్నాడు రాఘవేందర్. ఇప్పుడతని గొంతులో వ్యాపారం లేదు. "'మీరెట్ల పెద్దాయనా?' అంటే, 'నేను సామాన్ల కాడ ఉంట' అన్నడు. టికెట్ లేకుంటే జాగ లేదు అన్న. 'దగ్గర్ల బస్టాండ్ ఉంటది గద, గాడ కూసుంట. నాకు అలవాటే' అన్నడు. ఆమె పేరు అందరికంటే మీద ఉండాలె, ఒకటో నంబరు అని రెండుసార్లు చెప్పిండు. జేబుల చెయ్యి పెట్టుకోని పంజాగుట్ట దిక్కు నడుచుకుంట పోయిండు."

పంజాగుట్ట వైపు ఎందుకు? సంగీత అది ఆలోచించేలోపు వెనక మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడైంది. చంద్రమ్మ. మెట్రో స్టేషన్ కింది రోడ్డును ఒంటరిగా దాటడానికి ఎప్పుడూ ఒప్పుకోని మనిషి, చింతపండు మరకల చీరతోనే గుమ్మంలో నిలబడింది.

"నీ పేరు కొట్టేస్తవని నాకు ఎరుకే. అందుకే వచ్చిన" అంది. "నీ పేరు కొట్టేస్తే ఇంట్ల ఇంకో చంద్రమ్మ తయారయితది, గంతే. వద్దు. ఏముంది గా కాయితంల? చదువు."

సంగీత చదివింది. పద్దెనిమిది పేర్లూ చదివింది. చంద్రమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, మొగుడు లెక్కపెట్టినట్టే వేళ్ళు మడిచింది.

"మీ మామ పేరు చదవలే."

"లేదత్తమ్మా. నీ కోసం తీపిచ్చిండట."

చంద్రమ్మ గోడకు చేరగిలబడింది. కోపం, ప్రేమ, చిరాకు, అన్నీ ఒక్కసారే ఆమె ముఖం మీదికొచ్చాయి. "చూసినవా? నలభై ఏండ్లకు ఒక్కసారి లెక్క సరిచేసిండు, అది సుత సగమే చేసిండు. ఒక్కదాన్ని ఎక్కి నేనేం చేసుకోవాలె?"

రాఘవేందర్ గడియారం చూశాడు. "అక్కా, పదకొండు నిమిషాలు."

ఇక సంగీత వల్ల కాలేదు. కడుపులో పెట్టుకోమన్న మాట నోట్లోకి వచ్చేసింది. "అత్తమ్మా, కామరాజు అంకుల్‌కు రావాలని లేదు. ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతయంట. రానంటే మనమేమన్న అనుకుంటమని, మొహమాటానికి పేరు రాపిచ్చిన్రు. ఎవరికి చెప్పొద్దన్నరు. నేనడిగితే వసుమతి ఆంటీ ఒప్పుకోదు. మేమేం అనుకోమని నువ్వు చెప్తేనే వాళ్ళు తీస్తరు."

ఆర్నెల్లుగా ముందు నేను పలకరించనని పట్టుబట్టి కూర్చున్న మనిషి చంద్రమ్మ. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు పక్కపక్కన నిలబడి కూడా పలకరించలేదు. బిడ్డను మొదటి పండక్కి పిలిచినప్పుడు కూడా పలకరించలేదు. ఆమె లిస్టు కాగితం తీసుకుని, చదువు రాని కళ్ళతో కాసేపు చూసింది. మొదటి వరస మీద వేలు పెట్టింది.

"గిదేనా నా పేరు?"

"అవునత్తమ్మా."

"ఫోన్ కలుపు. వసుమతమ్మకు."

రెండో రింగుకే అవతల ఫోనెత్తారు. చంద్రమ్మ ఇంకా ఫోను చెవికి పెట్టుకోకముందే వసుమతి గొంతు గాభరాగా బయటికొచ్చింది. సంగీతకూ స్పష్టంగా వినబడింది.

"అమ్మా సంగీతా, నేనే చేద్దామనుకుంటున్నా! మీ మావయ్యగారు ఇప్పుడే మా గుమ్మంలోకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోరు, మంచినీళ్ళిస్తే తాగరు. చేతిలో యాభై రూపాయల నోటు పట్టుకుని నిలబడ్డారు. ఏంటమ్మా ఇది? నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

రాఘవేందర్ ఆరు వేళ్ళు చూపించాడు. ఆరు నిమిషాలు.

చంద్రమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"సంగీత కాదు వదినా, నేను. ఆనాడు సామాన్ల కాడ కూసున్నదాన్ని. ముందుగాల ఆయనను కూసోవెట్టు. గా నోటు ఆయనది కాదు, నాది. దాని ముచ్చట మనం ఇద్దరం మాట్లాడుకుందాం. దానికంటే ముందు మీ ఆయన టికెట్ గురించి నేను నిన్ను ఒకటి అడగాలె."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది, ఆ వెంటనే వసుమతి గొంతు వినిపించింది. "అడగండి వదినగారూ."